స్లోల ఇంజన్ పైన టక్ టక్: హైడ్రాలిక్ టాపెట్లు మార్చాల్సిందేనా?

చింతగట్టు_కారు, హన్మకొండ

అందరికీ నమస్తే. నా బండి 2013 మోడల్ డీజిల్ సెడాన్, 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్. మీటర్ల లక్షా ఎనభై వేలు దాటింది. సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. ఇదివరకు పొద్దున సెల్ఫ్ కొట్టంగనే పైన కొన్ని సెకన్లు టక్ టక్ మని పోయేది, పట్టించుకోలే. మొన్న సర్వీసింగ్ అయినంక ఏటూరునాగారం దిక్కు పోయొచ్చినం. అప్పటిసంది ఇంజన్ వేడెక్కినా చప్పుడు పోతలేదు. స్లోల (రేసు ఇయ్యకుండ ఇంజన్ ఊకె నడుస్తున్నప్పుడు) సాఫ్ వినిపిస్తది, రేసు జేస్తే ఇంకింత జోరుగ కొడతది. పికప్ తగ్గలే, మైలేజ్ ఎప్పటి లెక్కనే ఉన్నది, ఆయిల్ లైటు వెలుగుతలేదు.

ఒక షెడ్డుల అడిగితే హెడ్డు (ఇంజన్ పై భాగం) దించాలె, వాల్వుల కాడుండే పదహారు హైడ్రాలిక్ టాపెట్లు మార్చాలె, ముప్పై వేల మీదనే అయితది అన్నరు. ఇంకో షెడ్డుల ఏం గాదు, 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోయించు, చప్పుడు బంద్ అయితది అన్నరు. స్పేర్ల దుకాణంల ఒకాయన మడ్డి కడిగే ఫ్లష్ అని చిన్న డబ్బా చేతిల పెట్టి ఆయిల్ల కలుపుకో అన్నడు. ముగ్గురు మూడు తీర్ల చెప్పిరి. మీల ఎవరన్న ఈ పని జేయించిన్రా?

పత్తిబేరం, జమ్మికుంట

పాటల సౌండ్ పెంచు అన్నా, ఏ చప్పుడూ వినపడది. మా డీసీఎం అట్లనే ఎనుమాముల మార్కెట్ దాకా పోయొస్తున్నది.

డిపో_తాత, కాజీపేట

తమ్మి, నవ్వులాటకు ఏమన్న అననీ గని, నువ్వు పైసలు దియ్యకముందు కొన్ని సంగతులు చెప్పు. నేను ఆర్టీసీల మెకానిక్‌గ జేసి రిటైర్ అయిన. మా పాత బస్సులకు టాపెట్ గ్యాపు ఫీలర్ గేజ్ పెట్టి సెట్ జేసేది. నీ ఇంజన్ల ఆ గ్యాపే ఉండది. వాల్వును ఒత్తే రాకర్ కింద ఒక చిన్న బుడ్డి ఉంటది, అదే హైడ్రాలిక్ టాపెట్, దాన్లకు ఇంజన్ ఆయిల్ ఎక్కుతది, లోపలి ప్లంజర్ లేసి రాకర్‌ను దాన్ని తోసే కామ్‌కు ఆనిచ్చి పెడతది. లోపల ఒక చిన్న గుండు, దాని కింద స్ప్రింగు. కామ్ ఒత్తినప్పుడు ఆ గుండు దారి మూస్తది, ఆయిల్ ఎటూ పోలేక ఇనుపకడ్డీ లెక్క గట్టిగ నిలబడతది. వాల్వు తెరుసుకుంటది.

ఇగ చప్పుడెందుకొస్తది? ఆ బుడ్డిల ఆయిల్ తక్కువుంటె, లేకుంటె ఆయిల్ బదులు గాలి ఉంటె. ఆయిల్ ఒత్తిడికి కుంచించుకపోదు, గాలి కుంచించుకపోతది. మా ఇంటి ముంగటి బోరింగు పొద్దుగాల ఎంత కొట్టినా గర్రు గర్రు మనేది, చెంబెడు నీళ్లు పైన పోస్తే అందుకునేది. నీ టాపెట్ల కతా గంతే.

రాత్రి బండి ఆగినప్పుడు ఏ వాల్వులు తెరుసుకొని ఆగినయో వాటి కింది బుడ్డీలను స్ప్రింగు రాత్రంత ఒత్తుతనే ఉంటది, ఆయిల్ కొంచెం కొంచెం కారిపోతది. పొద్దుగాల అవే నాలుగు సెకన్లు కొడతయి. అది రోగం కాదు. వేడెక్కినంక గూడ కొడుతున్నదంటే మాత్రం చూడాల్సిందే.

ఇప్పుడు చెప్పు. సర్వీసింగ్ల ఏం ఆయిల్ పోసిన్రు, ఎంత పోసిన్రు? ఫిల్టర్ మార్చిన్రా? సాఫ్ జాగల బండి నిలబెట్టి, ఇంజన్ బంద్ జేసి పది నిమిషాలు ఆగి ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడు. గీత కింద ఉన్నదా, పైన ఉన్నదా? ఆయిల్‌ను ముక్కు కాడ పెట్టి చూడు, డీజిల్ వాసన గిట్ల వస్తున్నదా?

గ్రానైట్_బాబు, కరీంనగర్

అన్నా ఇదంత ఎందుకు. పాత ఆయిల్ల అర లీటరు డీజిల్ పోసి పావుగంట స్లోల ఇడువు, మొత్తం మడ్డి కరిగిపోతది. దించి కొత్త ఆయిల్ పోయి. మా క్వారీ టిప్పర్లకు గట్లనే జేస్తం.

ఆర్ఈసీ_మెకానికల్, పుణె

గ్రానైట్ గారూ, టిప్పర్ల సంగతి వేరు. అందులో చాలా ఇంజన్లకు పుష్ రాడ్లు, స్క్రూతో సెట్ చేసే టాపెట్లే ఉంటాయి. ఇక్కడున్న ఇంజన్ హైడ్రాలిక్. దాని ప్లంజర్‌కూ గోడకూ మధ్య సందు మైక్రాన్ల లెక్కలో ఉంటుంది. డీజిల్ పోస్తే ఆయిల్ పలచనై, బేరింగుల దగ్గర పొర తెగుతుంది. స్లోలోనే కదా అనుకుంటాం, ఒత్తిడి అతి తక్కువగా ఉండేదీ స్లోలోనే. దానికి మించిన ప్రమాదం ఇంకోటుంది. లక్షా ఎనభై వేల కిలోమీటర్ల మడ్డి కరగకుండా పెచ్చులుగా ఊడితే అది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లో పడి, ఆయిల్ పంపు నోటి దగ్గరి జాలీకి అతుక్కుంటుంది. టాపెట్ చప్పుడు పోగొట్టబోతే ఆయిల్ అందక టర్బో పోతుంది.

20డబ్ల్యూ-50 మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. చాలామంది 'మన దగ్గర ఎండ 45 డిగ్రీలు, చిక్కటి ఆయిల్ కావాలి' అంటారు. ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసినప్పటి ప్రవర్తనకు, వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనానికి. 30 గ్రేడు అంటే 100 డిగ్రీల వద్ద 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 40 అయితే 12.5 నుంచి 16.3, 50 అయితే 16.3 నుంచి 21.9. ఇంజన్ వేడెక్కాక లోపలి ఆయిల్ ఎంత వేడిగా ఉండాలో థర్మోస్టాటూ కూలరూ చాలావరకు చూసుకుంటాయి. బయట కాజీపేటలో మే నెలా పుణెలో డిసెంబరూ దానికి అంత తేడా చూపించవు. ఈ ఇంజన్‌కు కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడును ఎంత మందపాటి ఆయిల్‌తో మార్చినా, సన్నటి దారుల్లోంచి టాపెట్ దాకా చేరడానికి ఆలస్యమే అవుతుంది. పొద్దుటి టక్ టక్ ఇంకా పెరుగుతుంది. వేడెక్కాక చప్పుడు కొంత అణగొచ్చు, అణిగితే అరిగినదేదో దాక్కుంది తప్ప బాగుపడినట్టు కాదు.

గ్రానైట్_బాబు, కరీంనగర్

సరే సార్, మా టిప్పర్లు మాత్రం నడుస్తున్నయి 🙂

చింతగట్టు_కారు, హన్మకొండ

తాతా, కడ్డీ చూసిన. పై గీతకు వేలు మందం పైనున్నది. డీజిల్ వాసన రాలే. షెడ్డుకు ఫోన్ జేస్తే నాలుగు లీటర్ల డబ్బా తెచ్చినం, మొత్తం పోసినం, ఎక్కువుంటె మంచిదే కదా అన్నరు. ఆ షెడ్డు పేరు

[మోడరేటర్: షెడ్డు పేరు తీసేశాం. పని గురించి రాయండి, దుకాణాల పేర్లు వద్దు.]

డిపో_తాత, కాజీపేట

ఆఁ, దొరికింది చూడు ఒక దారం. తక్కువుంటే చప్పుడొస్తదని అందరికీ తెలుసు. ఎక్కువుంటే గూడ వస్తదని షెడ్డోళ్లకే సగంమందికి తెల్వదు. నీ ఇంజన్ తాగేది మూడు లీటర్లకు కొంచెం పైన, అంతే. ఆపైన పోస్తే కింద చాంబర్ల, పిస్టన్లు తిప్పే క్రాంకు ఆ ఆయిల్‌ను చిలుకుతది, నురుగు జేస్తది. పంపు ఆ నురుగునే పైకి తోల్తది. బుడ్డీలల్ల ఆయిల్‌తోటి గాలి బుగ్గలు ఎక్కుతయి. స్పీడుల నడిపినకొద్దీ నురుగు ఎక్కువ. నువ్వు ఏటూరునాగారం పోయొచ్చినంకనే మొదలైందంటివి గదా.

వాసన ఎందుకడిగిన్నంటే, కొందరికి ఆయిల్ పొయ్యకున్నా మట్టం దానంతటదే పెరుగుతది. అట్లయితే ఇంజెక్టర్ నుంచి డీజిల్ గని, గ్యాస్కెట్ పోయి నీళ్లు గని చాంబర్ల కలుస్తున్నట్టు. నీకు ఆ బాధ లేదనిపిస్తున్నది. ముందుగాల ఎక్కువున్నది దించు. అసలైతే మొత్తం దించి, ఫిల్టర్‌తో సహా సరైన గ్రేడుది కొత్తది పోయించు. ఫిల్టర్ ఇప్పేటప్పుడు నువ్వు పక్కన్నే నిలబడు. నీది గుండ్రటి డబ్బా ఫిల్టర్ కాదు, ప్లాస్టిక్ గూడుల పెట్టే కాయితం ఫిల్టర్. దాని మూతకు రబ్బరు రింగు కొత్తది పడాలె.

మట్టెవాడ_మామ, వరంగల్

తాతా, నాదీ ఇదే టక్ టక్. పెట్రోల్ సెడాన్. నేను గూడ ఆయిల్ తగ్గించాల్నా?

డిపో_తాత, కాజీపేట

ఏ ఇంజనో చెప్పకుండ ఆయిల్ ముట్టకు మామా. అన్ని బండ్లకు హైడ్రాలిక్ ఉండది. హోండా సిటీ ఐ-వీటెక్ ఇంజన్లకు స్క్రూతోటి గ్యాప్ పెడతరు, మారుతి 800కు గూడ స్క్రూనే. ఇన్నోవా 2.5 డీజిల్‌కు బకెట్ మీద షిమ్ములు, అంటే సన్నటి బిళ్లలు. వీటికి చప్పుడొస్తే గ్యాప్ కొలవాలె. మల్టీజెట్, మహీంద్రా ఎంహాక్, పాత 1.9 టీడీఐ లాంటివి హైడ్రాలిక్. నీది వేరే చర్చ పెట్టి రాయి, ఇక్కడ కలిపితే ఈ పిల్లగాని పని గజిబిజి అయితది.

సింగరేణి_అక్క, గోదావరిఖని

అందరు టాపెట్లు టాపెట్లు అంటున్రు గని, అసలు చప్పుడు టాపెట్‌దేనా అని ఎవ్వరడగరేం? మా ఆయనా నేనూ షెడ్డు నడుపుతం, హెడ్డు పని నాదే. టాపెట్ అని తెచ్చిన బండ్లల్ల ఎన్నో ఇంజెక్టర్ చప్పుళ్లు తేలినయి.

కామ్ షాఫ్ట్ క్రాంకుకు సగం వేగంల తిరుగుతది. స్లోల క్రాంకు నిమిషానికి 800 తిప్పులు తిరుగుతున్నదనుకో, ఒక్క వాల్వు నిమిషానికి 400 సార్లు కొడతది. కింద మొద్దు చప్పుడు తిప్పు తిప్పుకు వస్తున్నదంటే అది పైది కాదు. కాని ఇంజెక్టర్ గూడ రెండు తిప్పులకోసారే పనిజేస్తది కాబట్టి లెక్క ఒక్కటే వస్తది, చెవికి తేడా తెల్వది. అందుకే పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకొని, పిడి చెవికి ఆనిచ్చి, కొసను ముందుగాల ఒక్కో ఇంజెక్టర్ మీద, తర్వాత టాపెట్ కవర్ మీద, తర్వాత వాక్యూమ్ పంపు మీద పెట్టి వినాలె. చీర కొంగు, చున్నీ, చొక్కా చేతులు బెల్టు కాడికి పోకుండ చూసుకోవాలె. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ కారినా గిట్లనే టిక్కు టిక్కు మంటది, అది చల్లగున్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే లోహం సాగి తగ్గుతది.

స్కానర్ ఉంటే ఇంకా సులువు. ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ బంద్ జేసి చూస్తే, ఇంజెక్టర్‌దో కాల్పుదో అయితే చప్పుడు మారుతది. టాపెట్‌ది అయితే మారది, డీజిల్ పడ్డా పడకున్నా వాల్వు కొట్టుడు కొడతనే ఉంటది.

ఇంకోటి, ఇది జర చెవుల పెట్టుకోండ్రి. ట్రాక్టర్లకు మిస్సింగ్ (ఏ సిలిండర్ కొడతలేదో) చూసేటందుకు పాన పెట్టి ఇంజెక్టర్ పైపు నట్టు లూజ్ జేస్తరు. ఆ అలవాటుతోటి కామన్ రైల్ డీజిల్ మీద చెయ్యి పెట్టకండ్రి. అన్ని ఇంజెక్టర్లకు డీజిల్ పంపే ఆ రైల్ గొట్టంల ఒత్తిడి వెయ్యి బార్ దాటిపోతది. సన్నటి ధార చర్మంలకు దూసుకపోతది, పైకి సూది పొడిచినట్టు చిన్న చుక్కనే కనిపిస్తది, లోపల డీజిల్ పాకుతది. ఆపరేషన్ దాకా పోతది, వేలు తీసేయాల్సి రావొచ్చు. నొప్పి లేదని ఇంట్ల ఉండొద్దు, ఎంబడే దవాఖానకు పోవాలె.

పత్తిబేరం, జమ్మికుంట

అక్కా, ఇది మా డ్రైవర్‌కు చదివి వినిపిస్త. వాడు రోజూ చేసే పని గిదే.

ఆర్ఈసీ_మెకానికల్, పుణె

సింగరేణి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. చప్పుడు ఎక్కడిదో తేలిన తర్వాత కూడా టాపెట్లు ఆర్డర్ చేయకండి, ఆయిల్ ప్రెషర్ కొలిపించండి. ఆయిల్ లైటు వెలగట్లేదు కదా అని ధీమా పడొద్దు. ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ పడేది ఒత్తిడి దాదాపు అడుగంటాకే. స్విచ్ తీసి ఆ రంధ్రానికి గేజ్ బిగిస్తే అసలు అంకె కనిపిస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, స్లోలో ఒకసారి, నిమిషానికి 2000 తిప్పుల దగ్గర ఒకసారి, 3000 దగ్గర ఒకసారి. పాత మేస్త్రీల మోటు లెక్క ఒకటుంది, వెయ్యి తిప్పులకు పది పీఎస్ఐ (ఒత్తిడి కొలత). 14.5 పీఎస్ఐ ఒక బార్. కచ్చితమైన అంకె మీ ఇంజన్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది, దాన్నే నమ్మండి.

ఒత్తిడి తక్కువుంటే తప్పు కిందే ఉంది: జాలీ, పంపు, అరిగిన బేరింగులు. పైన పదహారు కొత్తవి వేసినా అవీ కొడతాయి. ఒత్తిడి బాగుంటే అప్పుడు పైన వెతకాలి. ఈ ఒక్క కొలత తీసుకోకుండా టాపెట్లు మార్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. గేజ్ బిగించడానికి గంట పట్టదు.

ట్రావెల్స్_రాజన్న, ములుగు

పైసలు ఎక్కువున్నోళ్ల ముచ్చట్లు ఇవి. నేను ట్యాక్సీ నడుపుత. మేడారం జాతర టైంల ట్రాఫిక్‌ల గంటలు గంటలు స్లోల నిలబెట్టుకుంట పోతం, మా ఇంజన్లల్ల మడ్డి కాకపోతే ఏముంటది? నేను ఆ ఫ్లష్ డబ్బా వాడిన, చప్పుడు తగ్గింది. ఊకె భయపెట్టకండ్రి.

సింగరేణి_అక్క, గోదావరిఖని

రాజన్నా, తగ్గిందంటే నమ్ముత. ప్లంజర్‌కు జిగురు పట్టి ఇరుక్కుంటే ఫ్లష్‌తోటి ఊడుతది, ఒప్పుకుంట. మడ్డి తక్కువున్న ఇంజన్‌కు, డబ్బా మీద రాసినంత సేపే, రేసు జెయ్యకుండ వాడితే నష్టం లేదు. నేను భయపడేది మూత తీస్తే లోపల నల్లగ వెన్న పూసినట్టున్న ఇంజన్లకు. ముందుగాల ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ కొట్టి చూడాలె. తేనె రంగు మరక ఉంటే పర్వాలే. నల్లటి గడ్డలుంటే ఫ్లష్ వద్దు. మంచి ఆయిల్ పోసి, మామూలుగ నడిపేదాంట్ల సగం దూరానికే దించి, మళ్ల మంచిది పోస్తే ఆ ఆయిల్లున్న డిటర్జెంటే నిమ్మళంగ కడుగుతది. జాతరల నిలబడ్డ గంటలు మీటర్ల రావు గని ఆయిల్ మాత్రం ముసలిదైతది, ట్యాక్సీలకు కిలోమీటర్ల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు.

చింతగట్టు_కారు, హన్మకొండ

అందరికీ అప్‌డేట్. వేరే షెడ్డుల మొత్తం ఆయిల్ దించిపిచ్చిన, పక్కన్నే నిలబడ్డ. ఫిల్టర్ గూడు ఇప్పితే లోపల కాయితం ఒక దిక్కు ముడుచుకపోయి ఉన్నది, మూత రింగు పాతదే, గట్టిగ ప్లాస్టిక్ లెక్క అయింది. కొత్త ఫిల్టర్, కొత్త రింగు, పుస్తకంల ఉన్న గ్రేడు ఆయిల్. మూడు లీటర్లు పోసి, ఆపైన కొంచెం కొంచెం పోసుకుంట కడ్డీ పై గీత కింద ఆపినం.

గేజ్ ఆటోనగర్ల ఒకాయన కాడ దొరికింది. వేడి మీద స్లోల ఒకటిన్నర బార్ చూపెట్టింది, రేసు జేస్తే మూడు దాటి పోయింది. మేస్త్రి పుస్తకం చూసి పంపు, బేరింగులు బాగనే ఉన్నయి అన్నడు.

చప్పుడు ముప్పావు వంతు పోయింది! హైవే మీద జనగామ దాకా పోయొచ్చిన, మళ్ల పెరగలే. కాని ఒక్క సన్నటి టిక్కు మిగిలింది, వేడి మీద గూడ. స్క్రూడ్రైవర్ పెట్టి వింటే మూడో సిలిండర్ కాడ టాపెట్ కవర్ మీద సాఫ్ వినిపిస్తున్నది, ఇంజెక్టర్ మీద పెడితే లేదు. స్కానర్‌తోటి మూడో ఇంజెక్టర్ బంద్ జేసినా మారలే.

డిపో_తాత, కాజీపేట

శభాష్. ఇప్పుడు అది పైదే, ఒక్కదాందే. వారం పది రోజులు నడుపు, కొత్త ఆయిల్‌కు ఊడే జిగురైతే ఊడుతది. రేసు తక్కువ జెయ్యి. అప్పటికీ పోకుంటె ఇప్పాల్సిందే. ఊకె నడిపితే ఆ వాల్వు దెబ్బ దెబ్బకు కామ్ ముక్కు తింటది.

ఇంకో మాట. హెడ్డు దించాలె అన్నోళ్ల కాడికి పోకు. ఈ ఇంజన్‌కు పైన కామ్ షాఫ్టులు పట్టుకున్న పెట్టె వేరే ఉంటది. ఆ పెట్టె లేపితే రాకర్లు, టాపెట్లు చేతికి దొరుకుతయి. హెడ్డు గ్యాస్కెట్ ముట్టే పని లేదు. చైన్ ఉన్న ఇంజన్ కాబట్టి కామ్, క్రాంకు కదలకుండ పట్టే టైమింగ్ లాక్ పిన్నులు ఉన్నోళ్లకే ఇయ్యి. పెయింట్ గుర్తులు పెట్టుకొని ఇప్పుత అన్నోనికి దండం పెట్టి రా.

స్పేర్లు_హోల్‌సేల్, రాణిగంజ్

పుట్టింది పరకాల, వ్యాపారం సికింద్రాబాద్ రాణిగంజ్. టాపెట్లు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. కొత్తవి లోపల ఆయిల్‌తో నింపి వస్తాయి, పెట్టెలో నిలబెట్టి ఉంటాయి. పడుకోబెట్టి, దుమ్ములో వదులుగా కవర్లో కట్టి ఇస్తే తీసుకోవద్దు. సగం ధరకు దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. ఇక పదహారూ మార్చాలా ఒకటే మార్చాలా అని రోజూ అడుగుతారు. నా వ్యాపారానికి పదహారూ అమ్ముడుపోతేనే లాభం, అయినా చెప్తున్నా, తీసి చూసి మెత్తబడ్డవి మార్చుకోండి. లక్షన్నర దాటిన బండికి మళ్లీ విప్పే కూలీ మిగులుతుందనుకుంటే సెట్ వేసుకోండి, అది మీ లెక్క.

చింతగట్టు_కారు, హన్మకొండ

టిక్కు పోలే. ఇప్పిద్దామనుకుంటున్న. సింగరేణి అక్కా, గోదావరిఖనికి తెస్తే జేస్తరా? లేకుంటె ఇక్కడి మేస్త్రికి ఏమేం చెప్పాల్నో జర రాయుండ్రి.

సింగరేణి_అక్క, గోదావరిఖని

అంత దూరం టిక్కు మీద ఎందుకొస్తవు తమ్మి, పిన్నులున్న మంచి మేస్త్రి హన్మకొండల్నే దొరుకుతడు. నేను జేసే తీరు రాస్త, ఆయనకు చూపెట్టు. ఆయన తీరు వేరుంటే కొట్లాడకు.

ఇప్పకముందే కవర్ చుట్టూ మట్టి గాలి కొట్టించాలె. మన రోడ్ల దుమ్ము ఒక్క చిటికెడు ఆ బుడ్డిలకు పోతే కొత్తది గూడ పాడే. టాపెట్లు తీసినకొద్దీ ఏ జాగది ఆ జాగల్నే మళ్ల పడాలె, ఒకదాని రాకర్ ఒకదానికి పెడితే అరుగుదల కలవది. నేను గుడ్ల ట్రే తీసుకొని గుంటలకు మార్కర్‌తోటి నంబర్లేసి, టాపెట్, దాని రాకర్ జతగ నిలబెడుత. పడుకోబెడితే ఆయిల్ కారి గాలి పడుతది.

తర్వాత ఒక్కోదాన్ని వేళ్ల మధ్య పెట్టి గట్టిగ ఒత్తి చూడాలె. బాగున్నది రాయి లెక్క ఉంటది. స్పంజు లెక్క లోపలికి పోయిందంటే గాలి పట్టిందో, గుండు సరిగ మూస్తలేదో. అట్లాంటిదాన్ని శుభ్రమైన ఇంజన్ ఆయిల్ గిన్నెల ముంచి, సన్నటి తీగతోటి గుండును మెల్లగ కిందికి ఒత్తుకుంట ప్లంజర్‌ను ఆడిస్తే బుగ్గలు పైకొస్తయి. బుగ్గలు ఆగినంక మళ్ల ఒత్తి చూడు. గట్టి పడితే బతికింది, మళ్ల మెత్తగనే పోతే తీసి పారెయ్యి.

టాపెట్ ఒక్కటే చూసి ఊకోవద్దు. రాకర్ మీద చిన్న రోలర్ ఉంటది, దాన్ని వేలితోటి తిప్పాలె, అటిటు ఊపాలె. చాలామంది మేస్త్రీలు ఇదే చూడరు. రోలర్ పిన్ను లూజైతే వచ్చే చప్పుడు టాపెట్ చప్పుడే అనిపిస్తది. కామ్ ముక్కుల మీద గీతలు, గుంటలు ఉన్నయా అని గోరుతోటి గీకి చూడాలె.

మూసేటప్పుడు కామ్ పెట్టెకు సిలికాన్ పేస్టు పెడతరు. సన్నటి గీత చాలు. దండిగ పూస్తే లోపలి దిక్కు ఉబ్బింది తెగి చాంబర్ల పడి జాలీకో టాపెట్ దారికో అడ్డం పడుతది.

ఆఖరుది అన్నిటికన్న పెద్దది. కొత్త టాపెట్లు నిండుగ ఉంటయి, వాల్వులను ఎక్కువ లేపి పెడతయి. బిగించంగనే సెల్ఫ్ కొడితే పిస్టన్ పోయి వాల్వును గుద్దుతది. కనీసం అర గంట ఆగాలె, ఎక్కువున్న ఆయిల్ కారి అవి వాటి మట్టానికి దిగుతయి. తర్వాత క్రాంకును పానతోటి చేత్తోని రెండు తిప్పులు పూర్తిగ తిప్పాలె. ఎక్కడన్న ఆగితే బలం పెట్టొద్దు, టైమింగ్ చూడాలె. నిమ్మళంగ తిరిగితేనే సెల్ఫ్.

ఆర్ఈసీ_మెకానికల్, పుణె

ఇది ప్రింట్ తీసి గోడకు అంటించుకోవాలి. రోలర్ పిన్ను సంగతి నేను కాలేజీలో ఉండగా ఎక్కడా చదవలేదు.

చింతగట్టు_కారు, హన్మకొండ

అక్కా, అచ్చం నువ్వన్నట్టే అయింది. సుబేదారి దిక్కు ఒక మేస్త్రి ఇప్పిండు, నీ రాతను ఫోన్ల పెట్టుకొనే పనిజేసిండు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దిక్కు ఒక రాకర్ రోలర్ అటిటు ఊగుతున్నది, దాని కింది టాపెట్ గట్టిగనే ఉన్నది! టాపెట్లు మెత్తగున్నయి వేరే జాగల రెండు. అందుల ఒకటి ఆయిల్ల ఆడిస్తే గట్టిపడ్డది, ఇంకోటి పడలే. కామ్ ముక్కు మీద గీతలు లేవు, టైంకు ఇప్పినవు అన్నడు మేస్త్రి.

ఒక రాకర్, రెండు టాపెట్లు కొత్తవి వేసినం, ఆ గట్టిపడ్డదాన్ని గూడ మార్చేసిన, మళ్ల ఇప్పే ఓపిక లేదు. సీల్ పేస్టు, చైన్ పని కూలీ అన్నీ కలిపి మొదటి షెడ్డు చెప్పినదాంట్ల మూడో వంతు గూడ కాలే. మొదటిసారి స్టార్ట్ జేస్తే గడగడ మన్నది, నా గుండె జారింది. మేస్త్రి రేసు ముట్టకు అని పక్కన నిలబడ్డడు. కొద్దిసేపటికి ఒక్కొక్కటే సద్దుమణిగి చప్పుడంత ఆగింది. ఇప్పుడు పొద్దున గూడ వినిపిస్తలేదు.

ఒక డౌటు. ఇప్పుడు వేసిన ఆయిల్ మామూలు లెక్కనే పది వేల దాకా నడపొచ్చా?

డిపో_తాత, కాజీపేట

ఈ మొదటి ఆయిల్‌ను రెండు మూడు వేలకే దించు. ఇప్పి బిగించిన పని, ఎంత తుడిచినా పేస్టు తునకలు, పాత మడ్డి కొంత ఉంటది. ఫిల్టర్ గూడ మార్చు, ఆ పాత ఫిల్టర్ కాయితాన్ని కత్తితోటి కోసి మడతలు విప్పి చూడు. మెరిసే లోహం పొడి ఉంటె ఫొటో తీసి ఇక్కడ పెట్టు. నల్లటి మురికే ఉంటె పర్వాలే, ఆ తర్వాత పుస్తకంల ఉన్న లెక్కనే.

మట్టెవాడ_మామ, వరంగల్

నాది స్క్రూ టాపెట్ల ఇంజనే అని తేలింది. గ్యాప్ సెట్ జేయించిన, చప్పుడు బందైంది. ఆయిల్ ముట్టొద్దని ఆపినందుకు తాతకు దండాలు.

ట్రావెల్స్_రాజన్న, ములుగు

చింతగట్టు తమ్మి, ఆ గేజ్ ఇచ్చినాయన రోజు కిరాయికి ఇస్తడా? నా బండి గూడ మళ్ల కొంచెం మొదలువెట్టింది.

చింతగట్టు_కారు, హన్మకొండ

ఇస్తడన్నా, గని గేజ్ బయటికి ఇయ్యడు, బండినే తీసుకరమ్మంటడు. గేజ్ అడాప్టర్ నీ ఇంజన్ల ఆయిల్ స్విచ్ ఉండే రంధ్రం మర చుట్లకు కలుస్తదా లేదా ముందు ఫోన్ జేసి అడుగు. నంబర్ మెసేజ్ల పంపుత. ములుగు నుంచి నడుపుకుంటనే రా, ఇంజన్ చల్లారితే కొలత అక్కెరకు రాదు.